క్రిమిరహితమైనదని తెలిసేదెట్లా?

ఒక శస్త్రచికిత్సాలయంలో బల్లమీద రెండు పట్టకార్లు ఉన్నాయి. రెండూ ఒకే కార్ఖానాలో తయారైనవి. రెండింటినీ శుభ్రంగా కడిగి తుడిచారు. దీపపు వెలుగులో రెండూ ఒకే విధంగా తళతళలాడుతున్నాయి. వాటిలో ఒకటి ఆవిరియంత్రంలో తగిన వేడిమికి, తగినంత కాలం గురి అయింది. రెండవది కాలేదు. ఈ రెంటిలో ఏది ఏదో కంటితో చూచి చెప్పగలవారు లేరు. తాకి చూచినా, భూతద్దంతో పరిశీలించినా భేదం తెలియదు. ఆ భేదం తెలిసేది రోగి శరీరంలో మాత్రమే. కొన్ని దినాల తరువాత గాయం చీముపట్టి, జ్వరం వచ్చినప్పుడు తెలుస్తుంది. అప్పటికి చేయవలసిన ఆలస్యం జరిగిపోయి ఉంటుంది.

అన్నం ఉడికిందీ లేనిదీ తెలుసుకోవడానికి ఒక మెతుకు పట్టి చూస్తే చాలునంటారు. శస్త్రచికిత్స పరికరాల విషయంలో ఈ సామెత పనికిరాదు. ఎందుకు పనికిరాదో, దానికి బదులుగా వైద్యశాలలలో ఏ పరీక్షలు చేస్తారో, వాటి వెనుక ఉన్న భౌతిక, జీవశాస్త్ర సూత్రాలు ఏమిటో తెలుసుకోవడం విద్యార్థులకు ఎంతో ఉపయోగకరం.

శుభ్రత వేరు, క్రిమిరాహిత్యం వేరు

సబ్బుతో కడిగిన వస్తువు శుభ్రమైనది. దానిమీద మట్టి, నూనె, నెత్తురు ఉండవు. సూక్ష్మజీవుల సంఖ్య కూడా చాలావరకు తగ్గుతుంది. క్రిమినాశక ద్రావణంలో ముంచిన వస్తువుమీద రోగకారకమైన సూక్ష్మజీవులలో అధికభాగం చస్తాయి. కాని ‘క్రిమిరహితం’ అన్న మాటకు శాస్త్రంలో ఇంతకంటె కచ్చితమైన అర్థం ఉన్నది. ఆ వస్తువుమీద ప్రాణంతో ఉన్న సూక్ష్మజీవి ఏదీ మిగలకూడదు. అది రోగాన్ని కలిగించేదైనా కాకపోయినా, మామూలు రూపంలో ఉన్నా సిద్ధబీజ రూపంలో ఉన్నా సరే. దీనినే స్టెరిలైజేషన్ అంటారు.

ఇందులో ముఖ్యమైన చిక్కు సిద్ధబీజాలతోనే. కొన్ని జాతుల బాక్టీరియాలు ఆహారం, నీరు దొరకనప్పుడు తమ జీవపదార్థంలోని సారాన్నంతా ఒక చిన్న గుళికగా చేసి, దానిచుట్టూ దళసరి పొరలను నిర్మించుకొంటాయి. ఆ గుళికలో నీరు బహుస్వల్పం. అది తినదు, పెరగదు, విభజన చెందదు. ఏళ్లతరబడి అట్లాగే పడి ఉంటుంది. అనుకూల పరిస్థితులు రాగానే మొలకెత్తి తిరిగి బాక్టీరియా అవుతుంది. ధనుర్వాతాన్ని కలిగించే బాక్టీరియా సిద్ధబీజాలు మట్టిలో విస్తారంగా ఉంటాయి. మరిగే నీటిలో మామూలు బాక్టీరియాలు కొద్ది నిమిషాలలోనే చస్తాయి. కాని గట్టి సిద్ధబీజాలు కొన్ని అదే నీటిలో గంటల తరబడి కూడా బ్రతుకుతాయి.

ఒకప్పుడు తెలుగు గ్రామాలలో కాంపౌండరు గాజు సిరంజినీ, సూదినీ చిన్న గిన్నెలో వేసి, స్పిరిట్ పొయ్యిమీద మరగబెట్టి సూదిమందు ఇచ్చేవాడు. మరగబెట్టకపోవడం కంటె అది ఎంతో మేలే. అయినా శాస్త్రీయంగా చూస్తే ఆ సిరంజి పూర్తిగా క్రిమిరహితమైనదని చెప్పడానికి వీలులేదు.

ఈ జ్ఞానం ఎట్లా వచ్చింది?

1847లో వియన్నా నగరపు ప్రసూతి వైద్యశాలలో సెమ్మెల్‌వైస్ అనే హంగేరియన్ వైద్యుడు పనిచేస్తుండేవాడు. ఆ సంవత్సరం ఏప్రిల్ నెలలో అతని విభాగంలో ప్రసవించిన స్త్రీలలో నూటికి సుమారు 18 మంది సూతికాజ్వరంతో మరణించారు. శవపరీక్షలు చేసిన చేతులతోనే విద్యార్థులు వచ్చి బాలింతలను పరీక్షించడం దీనికి కారణమని అతడు గ్రహించాడు. క్లోరిన్ కలిపిన సున్నపు ద్రావణంతో చేతులు కడుగుకోవాలని నియమం పెట్టాడు. జూన్ నాటికి మరణాలు నూటికి సుమారు రెండుకు దిగాయి. అప్పటికి సూక్ష్మజీవుల వల్ల రోగాలు వస్తాయన్న సిద్ధాంతం స్థిరపడలేదు. అందుచేత ఆనాటి పెద్దలు చాలామంది అతని మాటను అంగీకరించలేదు.

తరువాత ఫ్రాన్సులో పాశ్చర్ చేసిన ప్రయోగాలవల్ల పులియడానికి, కుళ్లడానికి సూక్ష్మజీవులే కారణమని రుజువైంది. ఆ విషయం చదివిన జోసెఫ్ లిస్టర్ 1865 ఆగస్టులో గ్లాస్గో వైద్యశాలలో, బండిచక్రం క్రింద పడి కాలి ఎముక విరిగిన పదకొండేళ్ల బాలుని గాయానికి కార్బాలికామ్లం పూసిన కట్టు కట్టాడు. ఎముక విరిగి బయటకు కనిపించే గాయాలకు ఆ రోజులలో కాలు తీసివేయడమే తరచు జరిగే చికిత్స. ఆ బాలుని గాయం చీముపట్టకుండా మానింది.

కార్బాలికామ్లం సూక్ష్మజీవులతోపాటు మనిషి చర్మాన్ని కూడా బాధిస్తుంది. గాయంలో చేరిన క్రిములను చంపడం కంటె అసలు గాయంలోకి వాటిని చేరనీయకపోవడం మేలు కదా! ఈ ఆలోచనే పరికరాలనూ, గుడ్డలనూ ముందుగానే వేడిమితో శుద్ధిచేసే పద్ధతికి దారితీసింది.

కాని వేడిమి కూడా అంత తేలికగా లొంగే సాధనం కాదని ఇంగ్లండులో జాన్ టిండాల్ తెలుసుకొన్నాడు. కూరగాయలు, గడ్డి మొదలైనవాటి కషాయాలను ఐదు నిమిషాలు మరగబెడితే చెడకుండా నిలవడం అతడు మొదట చూచాడు. అతని ప్రయోగశాలలోకి ఎండుగడ్డి వచ్చిన తరువాత అవే కషాయాలు ఎంతసేపు మరగబెట్టినా చెడసాగాయి. గడ్డి ధూళిలో వేడిమికి లొంగని బీజరూపాలు ఉన్నాయని అతడు ఊహించాడు. సుమారు అదే కాలంలో, 1876లో, జర్మనీలో ఫెర్డినాండ్ కోన్ గడ్డి బాక్టీరియా సిద్ధబీజాలను వర్ణించాడు. టిండాల్ 1877లో ఒక ఉపాయం ప్రకటించాడు. కషాయాన్ని కొద్దిసేపు మరగబెట్టి వదిలివేస్తే, చావని సిద్ధబీజాలు మరునాటికి మొలకెత్తుతాయి. అప్పుడు మళ్లీ మరగబెడితే ఆ మొలకలు చస్తాయి. ఇట్లా వరుసగా కొన్ని దినాలు చేయాలి. ఉపాయం చక్కనిదే. కాని సిద్ధబీజాలు మొలకెత్తడానికి పోషక పదార్థం కావాలి. ఉక్కు కత్తిమీద అవి మొలకెత్తవు.

1879లో పాశ్చర్ శిష్యుడు చాంబర్‌లాండ్ ఆటోక్లేవు అనే యంత్రాన్ని తయారుచేశాడు. ఇది కొత్త సూత్రం కాదు. అంతకు రెండువందల సంవత్సరాల క్రితమే, 1679లో, డెనీ పాపిన్ గట్టి మూతగల పాత్రలో ఎముకలను మెత్తగా ఉడికించే సాధనాన్ని నిర్మించాడు. నేడు వంటింటిలో కనిపించే ప్రెషర్ కుక్కరూ, ఆసుపత్రిలోని ఆటోక్లేవూ రెండూ దాని సంతానమే. 1881లో కోఖ్, అతని సహచరులు జర్మనీలో పొడివేడిమినీ, ఆవిరినీ పోల్చి చూచారు. పొడిగాలి వేడిమి గంటల తరబడి ఉన్నా దళసరి గుడ్డచుట్టల నడిమికి సరిగా చేరలేదు. ఆవిరి అంతకంటె తక్కువ వేడిమితో, తక్కువ కాలంలో లోపలికి చొరబడింది.

ఆవిరిలోని మహిమ

నూరు డిగ్రీల సెంటీగ్రేడు వేడిగల గాలిలో క్షణకాలం చేయి పెట్టి తీసినా పెద్ద ప్రమాదం లేదు. అదే నూరు డిగ్రీల ఇడ్లీపాత్ర ఆవిరి చేతికి తగిలితే బొబ్బలెక్కుతుంది. వేడిమి ఒకటే అయినప్పుడు ఈ తేడా ఎందుకు?

ఒక గ్రాము నీటి వేడిమిని ఒక డిగ్రీ పెంచడానికి ఒక కాలరీ ఉష్ణం చాలును. కాని నూరు డిగ్రీల వద్ద ఉన్న ఒక గ్రాము నీరు అదే వేడిమిగల ఆవిరిగా మారడానికి సుమారు 540 కాలరీలు కావాలి. ఉష్ణమాపకంలో కనిపించని ఈ ఉష్ణాన్నే గుప్తోష్ణం అంటారు. ఆవిరి చల్లని వస్తువును తాకి నీటిబొట్టుగా మారినప్పుడు ఈ 540 కాలరీలనూ ఒక్కసారిగా ఆ వస్తువుకు అప్పగిస్తుంది. ఆ నీరు 40 డిగ్రీలకు చల్లారేలోపల మరో 60 కాలరీలు ఇస్తుంది. ఒక గ్రాము గాలి నూరు డిగ్రీలనుండి 40 డిగ్రీలకు చల్లారితే ఇచ్చేది సుమారు 14 కాలరీలు మాత్రమే.

ఇంకొక విశేషం కూడా ఉన్నది. నూరు డిగ్రీల వద్ద ఒక గ్రాము ఆవిరి సుమారు 1,670 ఘనపు సెంటీమీటర్ల స్థలాన్ని ఆక్రమిస్తుంది. అది నీరుగా మారితే ఒక ఘనపు సెంటీమీటరు అవుతుంది. ఖాళీ అయిన ఆ చోటులోకి వెంటనే కొత్త ఆవిరి దూసుకొనివస్తుంది. ఇట్లా గుడ్డమడతల మధ్యకు, పరికరాల సందులలోకి ఆవిరి తనంతట తానే లాక్కోబడుతుంది.

మూడవది తడి. సూక్ష్మజీవుల దేహంలోని మాంసకృత్తులు వేడిమికి గడ్డకట్టడం వల్లనే అవి చస్తాయి. కోడిగ్రుడ్డు తెల్లసొన ఉడికి గట్టిపడడం అటువంటిదే. తెల్లసొనలోని మాంసకృత్తుకు సమానమైన నీరు తోడైతే అది 56 డిగ్రీల వద్దనే గడ్డకడుతుంది. నీరు పూర్తిగా తీసివేస్తే 160 డిగ్రీలు దాటవలసివస్తుంది. అందుచేతనే పొడివేడి ఓవెనులో 160 డిగ్రీల వద్ద రెండు గంటలు పట్టే పని, ఆవిరితో 121 డిగ్రీల వద్ద పదిహేను నిమిషాలలో జరుగుతుంది. 134 డిగ్రీల వద్ద మూడు నిమిషాలే చాలును. ఈ నిమిషాలను లెక్కించవలసినది స్విచ్చి వేసినప్పటి నుండి కాదు. లోపలి వస్తువులు ఆ వేడిమికి చేరినప్పటి నుండి.

నీటి మరుగు స్థానం దానిపై ఉన్న పీడనాన్ని బట్టి మారుతుంది. సుమారు 1,265 మీటర్ల ఎత్తున ఉన్న హార్సిలీ కొండమీద నీరు సుమారు 96 డిగ్రీలకే మరుగుతుంది. అందుకు విరుద్ధంగా, మూతబిగించిన పాత్రలో ఆవిరి పీడనాన్ని వాతావరణ పీడనం కంటె చదరపు అంగుళానికి 15 పౌనులు పెంచితే, సముద్రమట్టం వద్ద వేడిమి 121 డిగ్రీలు అవుతుంది. 30 పౌనులు పెంచితే సుమారు 134. కొండ ప్రాంతాలలో చుట్టూ ఉన్న వాతావరణ పీడనం తక్కువ కనుక, అదే వేడిమికి గేజీ కొంత ఎక్కువ చూపవలసి ఉంటుంది. హార్సిలీ కొండపై ఇది సుమారు రెండు పౌనులు. పీడనం సాధనమే గాని సూక్ష్మజీవులను చంపేది పీడనం కాదు. వేడిమీ, తడీ కలిసి చంపుతాయి.

లోపల దాగిన శత్రువు: గాలి

ప్రెషర్ కుక్కరు వాడే గృహిణి దానిమీద బరువును వెంటనే పెట్టదు. ముందు గొట్టంనుండి ఆవిరి ధారగా రావాలి, అప్పుడు పెడుతుంది. లోపలి గాలిని ఆవిరిచేత బయటకు తరిమివేయడమే ఇందులోని ఉద్దేశం. ఆటోక్లేవులో ఈ నియమం తప్పితే వచ్చే నష్టం పప్పు ఉడకకపోవడం వంటిది కాదు.

వాతావరణ పీడనం చదరపు అంగుళానికి సుమారు 15 పౌనులు. గేజీ దానికి పైన ఉన్న పీడనాన్నే చూపుతుంది. కనుక గేజీ 15 చూపినప్పుడు లోపలి మొత్తం పీడనం సుమారు 30 పౌనులు. గాలి ఏమాత్రం పోకుండా లోపలనే ఉండిపోతే, డాల్టన్ చెప్పిన పాక్షిక పీడనాల నియమం ప్రకారం ఆ 30లో కనీసం 15 పౌనులు గాలివే. ఆవిరి వంతు 15 పౌనులు మాత్రమే. పదిహేను పౌనుల ఆవిరి వేడిమి నూరు డిగ్రీలకు మించదు. గేజీ ముల్లు సరిగా 15 మీదనే నిలుచున్నా ఫలితం ఇట్లా మారుతుంది:

గాలి అంతా పోతే – 121 డిగ్రీలు
మూడింట రెండు వంతులు పోతే – 115 డిగ్రీలు
సగం పోతే – 112 డిగ్రీలు
మూడింట ఒక వంతు పోతే – 109 డిగ్రీలు
ఏమీ పోకపోతే – 100 డిగ్రీలు

గేజీ అబద్ధం చెప్పలేదు. అడిగిన ప్రశ్నకే జవాబు చెప్పింది. పీడనమెంత అని అడిగితే పీడనమే చెప్పింది. వేడిమి సంగతి దానికి తెలియదు.

ఆవిరి అణుభారం 18. గాలి సగటు అణుభారం సుమారు 29. కాబట్టి గాలి బరువెక్కువై అడుగుకు చేరుతుంది. అందుకనే ఆవిరిని పైనుంచి పంపి, గాలిని అడుగునున్న గొట్టం ద్వారా వెళ్లగొడతారు. ఉష్ణమాపకాన్ని కూడా ఆ అడుగు గొట్టంలోనే అమర్చుతారు. అన్నిటికంటె చల్లని చోటు అదే. అక్కడ 121 డిగ్రీలు ఉంటే మిగిలిన చోట్ల అంతకు తక్కువ ఉండదని భావం. దళసరి గుడ్డల మూటలకు ఈ పద్ధతి నెమ్మది కనుక, పెద్ద వైద్యశాలలలో ముందుగా పంపుతో లోపల శూన్యం కల్పించి, తరువాత ఆవిరిని పంపే యంత్రాలు వాడుతున్నారు.

డెవన్‌పోర్ట్ నేర్పిన పాఠం

1972లో ఇంగ్లండులోని ప్లిమత్ నగరంలో, డెవన్‌పోర్ట్ వైద్యశాల విభాగంలో శస్త్రచికిత్స చేయించుకొన్న రోగులకు కొందరికి రక్తనాళం ద్వారా చక్కెర ద్రావణం ఎక్కించారు. దానితో వారు కోలుకోవడానికి బదులు మరింత జబ్బుపడ్డారు. సీసాలను పరీక్షించగా వాటిలో బాక్టీరియాలు పెరుగుతున్నాయని తేలింది. ఐదుగురు రోగుల మరణానికి ఈ సీసాలు తోడ్పడి ఉంటాయని అనుమానం కలిగింది. బ్రిటిష్ ప్రభుత్వం క్లోథియర్ అధ్యక్షతన విచారణ సంఘాన్ని నియమించింది.

ఆ సీసాలు అంతకుముందు సంవత్సరం, 1971 ఏప్రిల్‌లో, కార్ఖానాలో ఆటోక్లేవులో వేడిచేసినవి. ఆనాడు యంత్రంలోని గాలి పూర్తిగా బయటకు పోలేదు. గాలి అడుగున నిలిచిపోయింది. పై అరలలోని సీసాలు తగినంత వేడెక్కాయి. అడుగు అరలలోనివి వేడెక్కలేదు. వేడిమిని కాగితంమీద గీతగా గీసే ఉష్ణమాపకం ఈ లోపాన్ని చూపనే చూపింది. కాని ఆ పరికరమే చెడిపోయి ఉంటుందని భావించి, మిగిలిన గేజీలను నమ్మారు. తరువాత మచ్చుకు కొన్ని సీసాలను తీసి పరీక్షించారు. వాటిలో దోషం కనిపించలేదు. ఆ సరుకు వైద్యశాలలకు వెళ్లింది.

మెతుకు పట్టి చూచే పద్ధతి ఎందుకు పనికిరాదో ఇక్కడ స్పష్టమవుతున్నది. కుండలోని అన్నం అంతా ఒకే ఎసటిలో ఉడుకుతుంది. ఆటోక్లేవులో పై అర ఒక కుండ, క్రింది అర మరొక కుండ. లెక్క ప్రకారం చూచినా ఇంతే. నూటికి ఒక సీసా చెడినదైన పెద్ద సరుకులో పది సీసాలను తీసి పరీక్షిస్తే, చెడినది ఒక్కటీ దొరకకుండా పోయే అవకాశం నూటికి 90 వంతులు. పైగా పరీక్షకు విప్పిన మూట మళ్లీ వాడడానికి పనికిరాదు. అందుచేత వస్తువును కాక, వస్తువును శుద్ధిచేసిన ప్రక్రియనే ప్రతిసారీ పరీక్షించాలి. క్రిమిరహితం చేయడం ఎవరైనా చేయగల తేలికపని అనే నమ్మకమే ప్రమాదకరమని ఈ సంఘటన లోకానికి చాటింది.

మూడు తరగతుల సాక్షులు

న్యాయస్థానంలో ఒక్క సాక్షి మాటమీద తీర్పు చెప్పడానికి సందేహిస్తారు. వైద్యశాలలలోనూ అంతే. అక్కడ మూడు తరగతుల సాక్షులను విచారిస్తారు.

మొదటివి భౌతిక సాక్షులు: గేజీ, ఉష్ణమాపకం, గడియారం, వీటిని నమోదుచేసే కాగితం. ప్రతి ఆవృత్తికీ ఈ కాగితాన్ని పరిశీలించి, సంతకం చేసి భద్రపరచాలి. రెండు పరికరాలు రెండు విధాలుగా చెబితే, అనుకూలంగా చెప్పినదానిని నమ్మి రెండవదానిని త్రోసిపుచ్చడం కాక, కారణం తేలేదాకా యంత్రాన్ని ఆపడమే ధర్మం. డెవన్‌పోర్ట్ సీసాల విషయంలో జరగనిది ఇదే.

రెండవవి రసాయనిక సాక్షులు. మూటలకు అంటించే పట్టీమీద లేతరంగు చారలు ఉంటాయి. ఆవిరి వేడిమి తగిలితే అవి నల్లబడతాయి. చారలు నల్లబడినంత మాత్రాన మూట క్రిమిరహితమైనదని కాదు. ఆ మూట యంత్రంలోకి వెళ్లివచ్చిందని మాత్రమే అర్థం. శుద్ధిచేసినదీ చేయనిదీ కలిసిపోకుండా ఇది కాపాడుతుంది. ఇంతకంటె మెరుగైన సూచికలను మూట లోపల, నట్టనడుమ పెడతారు. వేడిమి, కాలం, ఆవిరి అన్నీ తగినంతగా ఉంటేనే వాటి రంగు పూర్తిగా మారుతుంది.

శూన్యం కల్పించే యంత్రాలకు ఒక ప్రత్యేక పరీక్ష ఉన్నది. దానిని 1963లో బవీ, డిక్ పరీక్ష అనే పేరుతో బ్రిటన్‌లో ప్రకటించారు. తువాళ్లను మడిచి దొంతరగా పేర్చి, నడిమి మడతలో రంగు మారే పట్టీని ఇంటూ గుర్తులాగా అంటించిన కాగితం పెడతారు. ఆ మూటనొక్కదానినే యంత్రంలో ఉంచి 134 డిగ్రీల వద్ద మూడున్నర నిమిషాలు నడుపుతారు. లోపల గాలి మిగిలితే, అన్నివైపులనుండి దూసుకొనివచ్చే ఆవిరి దానిని తువాళ్ల నడిమికి నెట్టివేస్తుంది. గాలి బుడగ ఉన్నచోట పట్టీ లేతరంగుగా ఉండిపోతుంది. అంచులు మాత్రం నల్లబడతాయి. పట్టీ అంచునుండి నడిమివరకు సమానంగా నల్లబడితేనే యంత్రం గాలిని సరిగా తీసివేస్తున్నట్లు. ప్రతిదినం ఉదయం మొదటి సరుకు పెట్టకముందే ఈ పరీక్ష జరగాలి. ఇప్పుడు తువాళ్ల దొంతరకు బదులు సిద్ధంగా తయారుచేసిన కాగితపు మూటలు కూడా దొరుకుతున్నాయి. దీనితోపాటు, శూన్యం కల్పించిన తరువాత బయటి గాలి ఎంత లోపలికి కారుతున్నదో కూడా నిర్ణీత కాలంలో పరీక్షిస్తారు. నిమిషానికి 1.3 మిల్లీబారుల కంటె ఎక్కువ కారకూడదు.

మూడవ సాక్షి జీవశాస్త్ర సంబంధమైనది. ఇదే అన్నిటికంటె బలమైన సాక్ష్యం. సూక్ష్మజీవులు చచ్చాయా అన్న ప్రశ్నకు సూక్ష్మజీవి చేతనే జవాబు చెప్పించడం దీని పద్ధతి. ఇందుకు జియోబాసిల్లస్ స్టియరోథెర్మోఫిలస్ అనే బాక్టీరియా సిద్ధబీజాలను ఎన్నుకొన్నారు. 1920లో దీనిని చెడిపోయిన డబ్బా ఆహారాలలో గుర్తించి వర్ణించారు. ఇది మనిషికి రోగం కలిగించదు. మామూలు బాక్టీరియాలు తట్టుకోలేని 55 నుండి 60 డిగ్రీల వేడిమిలో హాయిగా పెరుగుతుంది. ఆవిరికి దీని సిద్ధబీజాలు అతి మొండివి. ఇంత మొండివి చస్తే, తక్కినవి బ్రతికి ఉండవని నిశ్చయించవచ్చు.

ఇట్టి సిద్ధబీజాలు లక్ష నుండి పది లక్షల వరకు ఉన్న కాగితపు ముక్కను, పోషకద్రవంతోపాటు చిన్న గొట్టంలో అమర్చుతారు. దానిని సరుకు మధ్య, ఆవిరి చేరడానికి అన్నిటికంటె కష్టమైన చోట, సాధారణంగా అడుగు గొట్టానికి సమీపంలో ఉంచుతారు. ఆవృత్తి ముగిసిన తరువాత కాగితాన్ని పోషకద్రవంలో కలిపి, వెచ్చని పెట్టెలో పెడతారు. సిద్ధబీజాలు ఒక్కటి బ్రతికి ఉన్నా పెరిగి ద్రవం రంగు మారుస్తుంది. ఒకటి రెండు దినాలలో ఫలితం తెలుస్తుంది. నేటి కొత్త రకాల సూచికలు కొద్ది గంటలలోనే తెలుపగలవు. ఆటోక్లేవులో పెట్టని గొట్టాన్ని కూడా ఒకదానిని పక్కన పెంచి చూడాలి. అది తప్పక పెరగాలి. అదీ పెరగకపోతే సిద్ధబీజాలు మొదటినుండే చచ్చినవన్నమాట. అప్పుడు పరీక్షకే విలువ లేదు. ఈ పరీక్షను కనీసం వారానికి ఒకసారి చేయాలి. ఎముకలలో, గుండెలో శాశ్వతంగా అమర్చే వస్తువులున్న ప్రతి సరుకుతోనూ చేసి, వీలైనంతవరకు ఫలితం వచ్చిన తరువాతనే వాటిని వాడాలి.

చావు లెక్క

సూక్ష్మజీవులన్నీ ఒకే క్షణంలో చావవు. స్థిరమైన వేడిమిలో ప్రతి నిర్ణీత కాలానికీ పదింట తొమ్మిది వంతులు చస్తాయి. ఒక రకపు సిద్ధబీజాలకు ఈ కాలం ఒక నిమిషమనుకుంటే, మొదట ఉన్న పది లక్షలలో నిమిషం తరువాత లక్ష మిగులుతాయి. రెండు నిమిషాలకు పదివేలు. ఆరు నిమిషాలకు ఒకటి. ఏడవ నిమిషానికి పదవ వంతు సిద్ధబీజమని లెక్క వస్తుంది. సిద్ధబీజంలో పదవ వంతు ఉండదు కదా! అటువంటి పది పరికరాలలో ఒక్కదానిమీద మాత్రమే ఒక సిద్ధబీజం బ్రతికి ఉండవచ్చునని దాని అర్థం. పన్నెండు నిమిషాలకు ఆ అవకాశం పది లక్షలలో ఒకటి. వైద్యశాస్త్రంలో క్రిమిరహితమనడానికి అంగీకరించిన కొలత ఇదే. గణితం ప్రకారం అది ఎన్నడూ శూన్యం కాదు. కాని ఎంత కావాలంటే అంత చిన్నది చేయవచ్చు.

ఈ లెక్కలో ఇంకొక పాఠం కూడా ఉన్నది. మొదట ఉన్నవి పది లక్షలకు బదులు వెయ్యి అయితే మూడు నిమిషాలు ముందుగానే అదే గమ్యం చేరవచ్చు. శుద్ధికి ముందు పరికరాలను బాగా తోమి కడగడం అందుకే. ఎండిన నెత్తురు సూక్ష్మజీవుల చుట్టూ కోటగోడలా నిలిచి ఆవిరిని తాకనీయదు. మురికిని క్రిమిరహితం చేయడం కంటె మురికిని తీసివేయడమే ముందు జరగవలసిన పని.

అమర్చడంలోనూ జాగ్రత్త అవసరం. కత్తెరలనూ, పట్టకార్లనూ తెరచి పెట్టాలి. మూసి పెడితే కీలు సందులోకి ఆవిరి పోదు. గిన్నెలను వెల్లకిల పెడితే బరువైన గాలి వాటిలో నీటివలె నిలిచిపోతుంది. పక్కకు వాల్చి పెట్టాలి. మూటలను కిక్కిరిసినట్లు నింపకూడదు. బయటకు తీసిన మూట తడిగా ఉంటే దానిని వాడకూడదు. తడిగుడ్డ గుండా బయటి సూక్ష్మజీవులు సులభంగా లోపలికి ప్రవేశిస్తాయి.

ఆవిరికి ఓర్వలేని వస్తువులు

ప్లాస్టిక్ గొట్టాలు, కటకాలుగల సున్నితమైన పరికరాలు ఆవిరి వేడిమికి చెడిపోతాయి. వీటికి ఇథిలీన్ ఆక్సైడ్ వాయువు, హైడ్రోజన్ పెరాక్సైడ్ బాష్పం వంటివి వాడుతున్నారు. ఒక్కసారి వాడి పారవేసే సిరంజీలు, చేతితొడుగులు మొదలైనవాటిని మూట కట్టిన తరువాత కోబాల్టు-60 నుండి వెలువడే గామా కిరణాలతో శుద్ధిచేస్తారు. మన దేశంలో ఇందుకోసం ట్రాంబేలో ఐసోమెడ్ అనే కేంద్రం 1974లో ప్రారంభమైంది. పద్ధతి ఏదైనా నియమం ఒక్కటే: దానికి తగిన సాక్షులు ఉండాలి. ఇథిలీన్ ఆక్సైడుకూ, పొడివేడికీ బాసిల్లస్ అట్రోఫియస్ అనే మరొక బాక్టీరియా సిద్ధబీజాలను సాక్షిగా ఉపయోగిస్తారు.

పరీక్ష తప్పినప్పుడు

సిద్ధబీజాల పరీక్షలో ద్రవం రంగు మారితే ఏమి చేయాలి? యంత్రాన్ని ఆపాలి. వెనుక జరిగిన చివరి మంచి పరీక్ష తరువాత ఆ యంత్రంలో శుద్ధి అయిన మూటలన్నిటినీ వెనుకకు రప్పించాలి. లోపాన్ని కనుగొని సరిచేసి, మళ్లీ పరీక్షలు నెగ్గిన తరువాతనే యంత్రాన్ని పనిలోకి తీసుకోవాలి. ఏ మూట ఏ దినం, ఏ యంత్రంలో, ఏ ఆవృత్తిలో శుద్ధి అయిందో పుస్తకంలో వ్రాసి ఉంటేనే ఇది సాధ్యం. మూటమీద తేదీ, ఆవృత్తి సంఖ్య వ్రాయడం గుమాస్తాపని వలె కనిపించవచ్చు. కాని కీడు జరగకముందే మూటను వెదకి పట్టుకోవడానికి ఆ రెండు అంకెలే ఆధారం.

ఈ పనులన్నీ జరిగేది శస్త్రచికిత్స గదికి దూరంగా, తరచు వైద్యశాల నేలమాళిగలోనో వెనుక భాగంలోనో. అక్కడ పనిచేసేవారి ముఖం రోగి చూడడు. తువాళ్ల దొంతరలో కాగితం పెట్టి, తీసి, నడిమిన రంగు సరిగా మారిందా అని ప్రతి ఉదయం వెలుగులో పట్టి చూచే ఆ చేతులకు ఎవరూ కృతజ్ఞత చెప్పరు. మూడువందల దినాలు పట్టీ నల్లగానే వస్తుంది. ఆ తరువాత ఒకనాడు నడుమ లేతమచ్చ కనిపిస్తుంది. రోజూ చూచేది ఆ ఒక్కనాటి కోసమే.